వాలుగ దవడ

పొందూరు స్టేషన్ రోడ్డులో
రీచార్జి, జెరాక్సు, ఆధార్ లామినేషన్.
షట్టర్ సగం దించాక నా అసలు పని మొదలవుతుంది.

పదకొండు మందిమి.
నెట్‌లో ఎవరికి ఏది దొరికితే అది పంపుతారు,
నేను ఏరి, పేరు పెట్టి, అరల్లో సర్దుతాను.
జీతం లేదు. ఎందుకని అడిగితే
అలవాటు అంటాను.

రాజాం లోకనాథం పూటకి నలభై పంపుతాడు,
ఒక్కటీ తెరిచి చూడడు.
తూర్పారబట్టడం తెలీని వాడు,
పొట్టూ గింజా కలిపి నా వాకిట్లో పోసి పోతాడు.
ఆమదాలవలస ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ సుభాషిణి
నెలకి ఒకటి.
కింద ఒకే వాక్యం:
"మూడో నిమిషంలో ఆ ముసలాయన నవ్వు కోసం."
భావనపాడు ఎర్రయ్య రాయలేడు, గొంతు పంపుతాడు.
అతని మాట కంటే
వెనక సముద్రమే ఎక్కువ మాట్లాడుతుంది.

అరలు చక్కగా కట్టానని నాకు గర్వం.
చరిత్ర. వ్యవసాయం. ఆరోగ్యం. ప్రయాణాలు.
ఎందులోనూ ఇమడనివి ఇతరాలు.
ఒకరోజు లెక్క చూస్తే
ఇతరాలే ఇల్లు, మిగతావన్నీ అరుగులు.

ఆషాఢంలో దాలమ్మ వచ్చింది రీచార్జికి.
వేళ్ల సందుల్లో ఇంకా దూది నూగు.
"కొండపత్తి గింజ ఎలకలు తినీసినాయి బాబూ,
ఎర్ర గింజ.
దాసినోలు ఎక్కడైనా ఉన్నారేటి,
నీ పెట్టెలో ఓపాలి సూడు."

చూశాను.
పత్తి అని, విత్తనం అని, వంగడం అని.
లేదమ్మా అన్నాను.
ఎంత తేలిగ్గా అన్నానో ఆ మాట,
చిల్లర లేదన్నంత తేలిగ్గా.
ఆవిడ నోటు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

కార్తీకంలో, వేరే దేనికోసమో తవ్వుతుంటే
అదే బయటపడింది.
గుణుపురం దాటాక కొండల్లో ఒకాయన
కుండలో బూడిద కలిపి ఆ ఎర్ర గింజనే దాచి
అడిగినవాళ్లకి దోసెడు పోస్తాడట.
రెండేళ్ల కిందట సుభాషిణి పంపింది.
కింద రాసింది కూడా:
"మీ ఊళ్లో ఎవరికైనా పనికొస్తుందేమో."
నా చేత్తో నేనే దాన్ని
"ప్రయాణాలు, ఒడిశా"లో పెట్టాను.

మర్నాడు ఫోను పట్టుకుని దాలమ్మ ఇంటికెళ్లాను.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
అంత సన్నటి పళ్లు,
ఒక్కో పోగునీ పేరు పెట్టి పిలిచి
పక్కన కూర్చోబెడుతున్నట్టు.
ఫోనుకేసి చాలాసేపు చూసింది.
"పునాస ఎల్లిపోనాది కదేటి" అంది
కోపం లేకుండా.
కోప్పడితే బావుండును.

"నువ్వు పేరు నీకోసం ఎట్టుకున్నావు.
ఎతుక్కుంటా వచ్చినోడు ఏ మాటట్టుకుని వస్తాడో
ఆ మాట రాయాల తలుపు మీద."

ఏకుల్ని ఎండిన అరటిదొప్పలో చుట్టి
మళ్లీ దవడ అందుకుంది.

ఇప్పుడు ఒక్కోదానికి మూడు పేర్లు:
నాది, పంపినవాళ్లది, అడగబోయేవాళ్లది.
మూడోది వెతకడానికే రాత్రి చాలడం లేదు.
ఎందుకు పంపావో ఒక ముక్క రాయమంటే
లోకనాథం అలిగి తొమ్మిది రోజులు కనిపించలేదు,
ఐదింటితో తిరిగొచ్చాడు.
ఐదూ చదివాడు.
గుణుపురం నంబరు మోగుతూనే ఉంటుంది,
ఎవరూ ఎత్తరు. వారానికోసారి చేస్తున్నాను.

పన్నెండో మనిషిగా దాలమ్మ చేరింది.
నిన్న రాత్రి మొదటిసారి పంపింది,
పదకొండు సెకన్లు.
మాట లేదు.
రాట్నం, ఒక దగ్గు,
దూరంగా పలాస వైపు పోయే బండి.

ఇది ఎవరికి కావాలి?
ఏ రాత్రి, ఏ మాటట్టుకుని వస్తారు దీనికోసం?
ఇతరాలు అర ఎప్పుడో పీకేశాను.
షట్టర్ సగంలో ఉంది.
తలుపు మీద ఇంకా ఏమీ రాయలేదు.